తలుపు మీది వయసు

మా కదిరిలో ఇప్పుడు ప్రతి ఇంటి తలుపు మీదా, పేరు పక్కనే, సంపాదించే మనిషి ఏ వయసులో పని మానేయగలడో చూపే చిన్న బోర్డు ఉంటుంది. ఇంట్లో ఏం కొన్నా ఆ వయసు ఇంకాస్త ముందుకు జరుగుతుంది. మూర మల్లెపూలకి మూడు గంటలు. అయినా కొంటాను, తలలో పెట్టుకుని మురిసిపోతాను.

నా ఉద్యోగం యంత్రాలకి పోయింది. పెళ్లయిన నాలుగు నెలలుగా లోహిత్ జీతమే ఇద్దరికీ. గాలిమరలెక్కి రెక్కలు బాగుచేస్తాడు. నలభై అయిదుకల్లా ఆ పని మానేయాలని అతని ఆశ.

నెల తప్పిన సంగతి మూడో నెల దాకా మీ ఆయనకి తప్ప ఎవరికీ చెప్పొద్దంది అమ్మ. సాయంత్రం చెబుదామని పాయసం వండుతున్నాను. ఇంతలో ఎదురింటి ఓబులమ్మత్త కేకేసింది.

"ఏం పాపా, మీ ఆయప్పది యాభై ఆరుకి పోయిందే! ఎన్నో నెల?"

పొద్దున మందుల షాపులో నేను తీసుకున్న మాత్రలను బట్టి బోర్డు కనిపెట్టేసింది! చున్నీతో దాన్ని కప్పబోతుంటే లోహిత్ మెట్లెక్కి వచ్చేశాడు.

"ఏం కొంటివి చందనా?" బోర్డు చూసి అడిగాడు.

"కొన్నందుకు కాదు," అని అతని చెయ్యి నా పొట్ట మీద పెట్టుకున్నాను.

చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుతూ, ఎన్నడూ అడగనిది అడిగాడు.

"కొంచెం నూనె వేడిచేసి తెస్తావా? మోకాళ్లకి రాసుకోవాల. ఇంకా చానా ఏండ్లు ఎక్కాల గదా."