రెండు శాతం

"కొత్త కంప్యూటరు మళ్లీ నిలబడిపోయింది బాబూ. ఒక్కసారి కిందికొచ్చి చూడవూ?"

ఫోన్లో ఆ గొంతు వినగానే సిస్టమ్స్ ఇంజనీరుకి ఒళ్లు మండింది. ఈ వారంలో ఇది నాలుగోసారి.

"మేడమ్, నేనిక్కడినుంచే చూస్తున్నాను. మీ మెషీన్ నిక్షేపంలా ఉంది. పొద్దున్నే అప్‌డేట్లన్నీ ఎక్కించాను."

"ఏమో నాయనా, ఎంటర్ నొక్కితే ఆ సున్నా తిరుగుతూనే ఉంటోంది. ఇక్కడ లారీ డ్రైవర్లు నన్ను పీక్కు తింటున్నారు."

"మీరు కీబోర్డు మీద తిండి తినడం మానేయండి, అదే నడుస్తుంది," అని పెట్టేశాడు.

అదొక సరుకు రవాణా ఆఫీసు. కింద కౌంటర్లో బిల్లులు కొట్టే ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ బిల్లు కొట్టి ఇస్తే తప్ప లారీ గేటు దాటదు. ఇరవై ఆరేళ్లుగా అదే సీటు.

ఆ సీటంటేనే ఇంజనీరుకి అసహ్యం. మీటల సందుల్లో అన్నం మెతుకులు, విరిగిన తలపిన్ను. మౌస్ నిండా తలనొప్పి మందు జిగురు. పక్కనే తడి చేతిరుమాల్లో చుట్టిన ఆయాసం స్ప్రే. ఒకసారి ఆ కీబోర్డు బోర్లిస్తే కాళ్లున్నదేదో రాలిపడి పరుగెత్తింది. ఆ రోజు అతను భోజనం చెయ్యలేదు.

మూడు నెలల కిందట ఆవిడకి కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. బల్ల కింద కంప్యూటరు డబ్బా, బల్ల మీద కొత్త తెర పెట్టి పది నిమిషాల్లో బయటపడ్డాడు. పాత కీబోర్డును ముట్టుకోబుద్ధి కాక దాన్నే ఉంచేశాడు. మళ్లీ అటు తొంగి చూడలేదు.

చూడాల్సిన అవసరం కూడా లేదు. మేడ మీద అతని గదిలో ఒకే తెర మీద ఆఫీసులోని ఇరవై రెండు మెషీన్లూ కనిపిస్తాయి. ఇంటికెళ్లేటప్పుడు ఎవరూ కంప్యూటరు ఆపకూడదనీ, తెర మాత్రమే ఆపాలనీ అతని హుకుం. ఆఫీసు తెరిచేలోపే అన్నిటికీ అప్‌డేట్లు ఎక్కించి, చెత్త ఫైళ్లు ఊడ్చి కంటికి రెప్పలా చూసుకుంటాడు. వాటిలో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది పెద్దక్కదే. ఒక్కసారీ మొరాయించలేదు. బంగారం లాంటి మెషీన్ ఆ జిడ్డు చేతుల్లో పడిందే అని అతనికి దిగులు.

లారీల వరస వీధి చివరిదాకా పెరిగింది. డ్రైవర్లు గొడవకి దిగారు. మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు.

"తప్పు మెషీన్‌దా, మనిషిదా? ఇవాళ తేలిపోవాలి."

ఇంజనీరు ల్యాప్‌టాప్ తెరిచి, పెద్దక్క మెషీన్ ఎంత పని చేస్తోందో తెలిపే గీత చూపించాడు. నేలకి అంటుకుపోయినట్టు సాఫీగా ఉంది.

"మూడు నెలల లెక్క సార్. పని చేస్తుంటే గీత పైకి లేవాలి. ఒక్క రోజు కూడా రెండు శాతం దాటలేదు. మెషీన్ ఖాళీగా కూర్చుంది. అంటే మనిషి కూడా ఖాళీగా కూర్చున్నట్టే."

"మరి రోజుకి నలభై బిల్లులు వస్తున్నాయిగా?"

"నలభై ఎంతసేపు సార్? గంట పని. మిగతా రోజంతా ఏం చేస్తున్నారో ఆవిడనే అడగండి."

పెద్దక్క మొహం పాలిపోయింది. "లేస్తే వరస పెరుగుతుందని మధ్యాహ్నం అన్నం కూడా సీట్లోనే తింటున్నాను సార్. ఈ బాబుని ఒక్క పది నిమిషాలు నా పక్కన కూర్చుని చూడమనండి. చాలు."

ఆ పక్కన కూర్చోవడం ఊహించుకుని ఇంజనీరు మొహం చిట్లించాడు. "అక్కర్లేదు సార్. మనుషులు చెబుతారేమో గానీ మెషీన్ అబద్ధం చెప్పదు."

మేనేజరు కాగితం మీద సంతకం పెట్టాడు. సోమవారం నుంచి ఆవిడ వెనక గోడౌన్లో సిమెంటు బస్తాలు లెక్కపెట్టాలి.

"సిమెంటు గోడౌనా సార్?" చేతిలో స్ప్రే గట్టిగా పట్టుకుంది. "దుమ్ము తగిలితే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. ఇంకా మూడేళ్లే సర్వీసుంది..."

మేనేజరు వేరే ఫైలు తీశాడు.

బయటికొచ్చాక ఆవిడ ఇంజనీరుతో మెల్లగా అంది. "నిన్ననడం లేదు బాబూ. ఈ కొత్తవి నాకు చేతకాలేదేమో. నాదే తప్పయి ఉంటుంది."

అతనికి జాలి వెయ్యలేదు. ఇన్నాళ్లూ తన మెషీన్ మీద నిందలేసి, ఇప్పుడు మంచితనం నటిస్తోందని ఇంకాస్త రోత పుట్టింది.

సోమవారం కొత్త టైపిస్టు కోసం ఆ సీటు సిద్ధం చెయ్యాల్సి వచ్చింది. చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్కు తగిలించుకుని దిగాడు. గోడౌన్ వైపు నుంచి ఆగకుండా దగ్గు వినిపిస్తోంది. వెళ్లి మధ్య తలుపు మూసేశాడు.

పాత కీబోర్డును రెండు వేళ్లతో ఎత్తి చెత్తబుట్టలో పడేశాడు. వైరు ఊడలేదు. ఛీ అనుకుంటూ మోకాళ్ల మీద కూర్చుని, మూడు నెలల్లో మొదటిసారి బల్ల కింద తల పెట్టాడు.

కీబోర్డు వైరూ, తెర వైరూ రెండూ మిలమిలలాడుతున్న కొత్త డబ్బాను దాటుకుని వెళ్లి, అతను తన జాబితాలోంచి ఎప్పుడో కొట్టేసిన, గోడవారన దుమ్ములో మూలుగుతూ తిరుగుతున్న పాత డబ్బాలో గుచ్చి ఉన్నాయి, ఫైళ్లు కొత్తదాంట్లోకి ఎక్కాక వచ్చి మారుద్దామని ఆ రోజు అతను వదిలేసి వెళ్లినవి వదిలేసినట్టుగానే.