గుండెకాయ ఫైలు

“ఏఐలో ఎన్ని లైన్లు పెట్టావు?” తాళం సార్ గొంతు గాజుగది దాటి క్యాంటీన్ దాకా వినిపించింది.

“నాలుగే సార్,” అంది ఆ అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు.

ఆయన ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ కోడ్‌కి కాపలా అధికారి. కంప్యూటర్లకున్న పెన్‌డ్రైవ్ రంధ్రాలన్నీ జిగురుతో పూడ్పించారు. ప్రింటరు పక్కనున్న చెత్తబుట్టకి కూడా తాళం వేయించారు. ఏఐల జోలికెళ్తే ఉద్యోగం ఊడుతుందని లిఫ్టులో నోటీసు అంటించారు. అందుకే ఆ పేరు.

పైగా ఆమె ఏఐకి చూపించింది మామూలు కోడా? గుండెకాయ ఫైలు! బస్సుల్లో సీట్లు పంచే కోడ్. పద్దెనిమిదేళ్ల కిందట తాళం సార్ ఒక్క వారాంతంలో రాసి పడేశారని చెప్పుకుంటారు. దాంతోనే కంపెనీ నిలబడింది, ఆయన పెద్ద కుర్చీ ఎక్కారు. కోడ్ మధ్యలో ఆయన చమత్కారం కూడా ఒకటుంది: ‘ఇక్కడ వేలు పెట్టకు. ఎందుకు పనిచేస్తోందో నాకే తెలీదు.’ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు.

“ఒకే సీటు ఇద్దరికి పడుతోంది సార్. సాయంత్రంలోగా సరిచెయ్యమన్నారు. బుర్ర పనిచెయ్యక ఏఐని అడిగాను.”

బల్ల మీద ఆమెను తీసేస్తున్నట్టు ఉత్తరం ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. అది చూసేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఈ ఉద్యోగం కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాను సార్.”

“అది సరే, అదేమంది?”

“ఏది సార్?”

“ఆ ఏఐ! నీకేం జవాబిచ్చింది?”

“ఏమీ ఇవ్వలేదు సార్. ఈలోపే మీరు పెట్టించిన ఫిల్టరు కనెక్షన్ కట్ చేసేసింది.”

తాళం సార్ గ్లాసుడు నీళ్లు గటగటా తాగారు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు.

“పోనీలే, చిన్నపిల్లవి. ఇకమీద సందేహమొస్తే నన్నడుగు.”

ఆమె బయటికి రాగానే పక్క సీటు అక్క వీపు తట్టింది. “బతికిపోయావే! పైకే ఆ కరుకు, మనసు వెన్న.”

లోపల తాళం సార్ తలుపు గడియ పెట్టారు. తన సొంత ఫోన్లో ఏఐని తెరిచి, అవే నాలుగు లైన్లు కొట్టారు.

రెప్పపాటులో మిగతా మూడొందల లైన్లూ ఆ చమత్కారంతో సహా వచ్చిపడ్డాయి, వాటి కింద ఇరవై ఏళ్ల కిందట ఆ కోడ్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చినవాడి పేరుంది, అది తాళం సార్ పేరు కాదు.