సర్పంచ్ మీద అర్జీ

“మా ఊళ్లె ఆరుగురిని సంపింది ఆ సర్పంచే. రాయి షరీఫ్ భాయ్, గట్లనే రాయి.”

షరీఫ్ కలం ఎత్తాడు గాని కాగితం మీద పెట్టలేదు. అతను కంపెనీ స్టోర్ కీపర్. ఎడారి దేశంలోని ఈ సమాయిల్ కూలీల క్యాంపులో ఎవరికి ఇంగ్లీషు అర్జీ కావాలన్నా శుక్రవారం నాడు అతని మంచం దగ్గరికే రావాలి. ఈ వారం, కొన్ని నెలల కిందట క్యాంపుకు వచ్చిన భూమయ్య వంతు. కూర్చోమంటే కూర్చోడు. తలుపు దాకా పోతాడు, మళ్లీ వస్తాడు.

ఊరి నుంచి ఉత్తరం వచ్చిందట. బావి నీళ్లు చెడి ఊరంతా వాంతులు, విరేచనాలు. పోయిన ఆరుగురిలో ఉప సర్పంచ్ కూడా ఉన్నాడు. మంచినీళ్ల ట్యాంకర్ రావాలంటే సర్పంచ్ సంతకం కావాలంటున్నారు అధికారులు. సర్పంచేమో నెలల తరబడి ఊళ్లో లేడు. ఉత్తరం రాసేనాటికి భూమయ్య కూతురు వాణి కూడా మంచం పట్టింది. ఆ ఉత్తరం ఏదీ, చూపించమంటే భూమయ్య జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకొని అంతా నోటితోనే చెప్పాడు.

“ఎమ్మెల్యేను పట్టుకోరాదా?” అన్నాడు షరీఫ్.

“ఆయన పట్నం దవాఖాన్ల పడ్డడు. ఆయనకూ బదిలీ మనిషి లేడు. మన సైట్ల క్రేన్ డ్రైవర్ పండుకుంటే మాపటికల్లా బదిలీ మనిషి వస్తడు గదా. ఇటుకలు మోసేటోనికున్న కాయిదా ఏలేటోనికి లేకపాయె.”

పక్క మంచం మీద బట్టలు మడుస్తున్న ఇస్తారి నవ్వాడు. ఓట్లప్పుడు ఇంటింటికీ కాళ్లు మొక్కినోడు ఇప్పుడు ఎవరి కొంగు చాటున దాక్కున్నాడో అన్నాడు. భూమయ్య అతని వంక చూడలేదు.

“అసలు యాడికి పోయిండు?” అని అడిగాడు షరీఫ్.

“బతుకుతెరువుకు పోయిండు. చెప్పిపోతే పదవి పోతదని ఎవ్వలికి చెప్పకపాయె, సిగ్గులేనోడు.”

షరీఫ్ కలెక్టర్ పేరు మీద మొదలుపెట్టాడు. రాజీనామా చేయించమని రాద్దామా అన్నాడు. అది చేతులు మారి ఆమోదమయ్యేసరికి ఊరు వల్లకాడవుతుందని భూమయ్య కసిరాడు. ఆపద తీరేదాకా బదిలీ సర్పంచ్ కావాలి, అంతే.

“సాక్ష్యం లేకుంటే సర్కారు కదలది భూమయ్యా. ఇంత దూరంల ఉండి, ఆయన ఊళ్లె లేడని నువ్వెట్ల చెప్తవ్?”

భూమయ్య తిరగడం ఆపాడు. వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

“రాయి భాయ్, నా కుర్చీల ఇయ్యాల్నే ఇంకొకన్ని కూసోబెట్టున్రి.”