వరసలు కలపొద్దు

చేప డీఎన్ఏలో మనిషి డీఎన్ఏ తేలింది.

పెద్ద సార్ కంప్యూటర్ తెర మీదికి వంగి మళ్లీ చూశాడు. పొరపాటు లేదు. పగడాల దిబ్బల్లో పట్టిన పసుపు చేప ట్యూబులో ఎవరో వేలు పెట్టారు.

అనుమానం పెనుభూతమంటారు. పెద్ద సార్‌కి అది పెంపుడు భూతం. నాలుగేళ్ల వయసులో “అమ్మ పోయిందిరా” అని తండ్రి ఒక్క మాటతో సరిపెట్టేశాడు. ఇంట్లో ఆవిడ ఫోటో కూడా మిగల్చలేదు. అప్పట్నుంచీ ఎవరి నోటి మాటా ఈయన నమ్మడు. రుజువు కావాలి.

ల్యాబ్‌లో ఆయన పనే అది. అక్కాచెల్లెళ్లలా కనబడే చేపలకు ఏ చుట్టరికమూ లేదని తేలుస్తాడు. పోలికే లేని రెంటిని పక్కపక్కన పెట్టి, లక్షల ఏళ్ల కింద ఇవి ఒక తల్లి పిల్లలే అంటాడు. ఈసారి పసుపు చేప వంతు. అది బతికిన దిబ్బ చచ్చిపోయింది, ఇక ఆ చేప దొరకదు. ఈ ట్యూబులు పాడైతే ఇన్నేళ్ల శ్రమా నీళ్లపాలే.

మనసు కొత్తగా చేరిన అమ్మాయి మీదికే పోయింది. వచ్చిన రోజే, “అన్నయ్యా, ఈ ట్యూబులు ఎక్కడ పెట్టను?” అని అడిగింది. ఆయనకు ఒళ్లు మండింది.

“ఇక్కడ వరసలు కలపొద్దు. సార్ అను. ఈ గదిలో రుజువు లేకుండా చేపలకే వరస కలపం.”

“అలాగే సార్,” అని నవ్వింది. ఆ నవ్వు ఆయనకు అప్పుడే నచ్చలేదు.

ఇలాంటి దొంగల్ని పట్టుకోవడానికే ల్యాబ్‌లో అందరి డీఎన్ఏ దాచి ఉంచారు, ఆయనది కూడా. ఆ అమ్మాయిదే ఇంకా తీయలేదు. పాతవాళ్లెవరితోనూ కలవకపోతే దొంగ దొరికినట్టే. పోల్చి చూశాడు.

కలిసింది. ఆయనతోనే.

ఆ ట్యూబు తెరిచిన వారం ఆయన ఊళ్లోనే లేడు. తెరిచింది ఆ అమ్మాయి ఒక్కతే. అయితే ఇది కుట్ర. బల్ల మీద సగం తాగి వదిలేసిన టీ కప్పు కేసి చూశాడు. రోజూ అడక్కుండానే ఆ కప్పు కడగడానికి పట్టుకెళ్లేది ఎవరు?

పిలిపించి తలుపు వేశాడు.

“నా ఎంగిలి తెచ్చి నా చేపల్లో కలిపావా? ఎవరు పంపారు నిన్ను? ఈ రోజుతో నీ ఉద్యోగం సరి!”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి. ఆ పిల్ల తడుముకోలేదు.

“మిగతా ట్యూబులు భద్రంగానే ఉన్నాయి సార్. ఇదొక్కటే పాడు చేశాను. అందులో ఉన్నది మీది కాదు, నాది. గ్లవ్స్ కావాలనే తీసేశాను.”

“నీదైతే నాతో ఎందుకు కలుస్తుంది?” అని బల్ల గుద్దాడు. “ఇక్కడ చూసేది తల్లి నుంచి వచ్చే డీఎన్ఏ. ఇలా అచ్చుగుద్దినట్టు కలవాలంటే ఒక తల్లి పిల్లలై ఉండాలి. నాకు తోబుట్టువుల్లేరు. నాలుగో ఏటే మా అమ్మ పోయింది!”

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

“అమ్మ పోయిన మాట నిజమే అన్నయ్యా, మా నాన్నతో పోయింది.”