కోచ్ తెచ్చిన సాక్షి

"కంగారు పడకు. మీ అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడు, చాలు. పనయ్యాక వేడి వేడి గంబో పులుసు తిందాం," అన్నాడు కోచ్ బ్రూసార్డ్.

ఓడెల్ తలూపాడు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకున్న కుర్రాడు. ఆటగాళ్ళ జీతాల మీద చట్టం చేస్తున్నారనీ, వాడి మాట వింటే సభ్యుల మనసు కరుగుతుందనీ కోచే కారెక్కించుకుని శాసనసభకు తెచ్చాడు.

"జీతాలు ఇప్పిస్తారంటారా కోచ్?"

"ముందు లోపలికి పద. నేనున్నాగా."

కమిటీ ముందు కోచ్ లేచాడు. "వీళ్ళు నా బిడ్డలు. జీతం చేతిలో పెడితే ఆట మీద ప్రేమ చచ్చిపోతుంది. జీతాలు నిషేధించండి. మా ఓడెల్‌నే అడగండి. మోకాలు విరిగినా ఒక్కనాడూ డబ్బు మాటెత్తలేదు."

ఓడెల్ నిర్ఘాంతపోయాడు. నిషేధమా?

"నిజమేనా బాబూ?" అని అడిగింది అధ్యక్షురాలు.

అవునని చెప్పమన్నట్టు కోచ్ నవ్వాడు.

"ఎత్తానండీ," అన్నాడు ఓడెల్. "ఆసుపత్రి మంచం మీద, ఈయన దగ్గరే ఎత్తాను. 'అడగాల్సిన చోట నేను అడుగుతా, నువ్వు నోరు మెదపకు' అన్నారు. అందుకే ఇన్నాళ్ళూ మెదపలేదు."

"ఒరేయ్ ఓడెల్..." అన్నాడు కోచ్.

ఆ మధ్యాహ్నం కమిటీ నిషేధానికే ఓటేసింది.

బయట కోచ్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కరా. దార్లో అన్నీ చెప్తాను."

ఓడెల్ ఆగలేదు. కుంటుకుంటూ కారు దాటి బస్‌స్టాప్ వైపు నడిచాడు.