సాక్ష్యంగా పెట్టిన గుడ్డు

మా బీడులో ఒక దున్నపోతు ఉండేది. కాలు ఎక్కడ వేస్తున్నామో చూసుకోవడం తన హోదాకు తక్కువని దాని నమ్మకం. ఒక పొద్దున అది తీతువు పిట్ట గుడ్లు తొక్కేసింది. ఒక్క గుడ్డు మిగిలింది.

తీతువు దావా వేసింది. తీర్పరి తాబేలు. తొందరపడని మనిషని ఎన్నుకున్నారు, అందులో అబద్ధమేమీ లేదు.

దున్నపోతు తరఫున నక్క లేచింది. "అక్కడ గుడ్లే లేవు. ఉన్నా మావాడు తొక్కలేదు. తొక్కినా, నేల మీద గుడ్లు పెట్టమని ఈవిడకెవరు చెప్పారు?"

"మా జాతంతా నేల మీదే పెడుతుంది! గుడ్లే లేకపోతే ఇదేమిటి? ఇంకా వెచ్చగా ఉంది, చూడు!"

"అయితే అది సాక్ష్యం," అంది నక్క. "తీర్పు వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు."

తాబేలుకు ఆ మాట న్యాయంగా తోచింది. గుడ్డును బండ మీద పెట్టించి, వాయిదా వేసి, తల లోపలికి లాక్కుంది.

"పొదగాలయ్యా! చల్లబడితే చచ్చిపోతుంది!" అంటూ తీతువు డొప్ప మీద పొడిచింది. డొప్పకు చెవులుండవు.

వాయిదా నాడు నక్క ఆ గుడ్డు పగలగొట్టి, ముక్కు మూసుకుంది. "మురిగిన గుడ్డు తాబేలయ్యా. మిగతావీ ఇలాంటివే. ఇక నష్టమెక్కడ?"

దావా కొట్టేశారు.

"మురగబెట్టింది మీరే!" అని తీతువు ఆ రోజు మొదలుపెట్టిన అరుపు ఇంకా ఆపలేదు. ఆ అరుపు వినపడితే అపశకునమని అందరూ చెవులు మూసుకుంటారు. ఆ మాట పుట్టించింది కూడా నక్కే, దున్నపోతు తరఫున.