పక్క సీటావిడ

"ఆగమ్మా! నోరు కాలుద్ది!"

టూర్ బస్సు భోజనానికి ఆగిన హోటల్లో, రుయ్‌ఫెన్ సూప్ చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపింది బస్సులో ఆమె పక్క సీట్లో కూర్చున్నావిడ.

"పైన నూనె తెట్టు కట్టింది కదా, అందుకే ఆవిరి కనపడదు. లోపల సలసలా కాగుతా ఉంటది. ముందు పచ్చి మాంసం ముక్కలెయ్యి, ఆ వేడికే ఉడుకుతాయి. తర్వాత ఆకుకూర. నూడుల్స్ ఆఖర్న."

"నాకు తెలుసులెండి" అంది రుయ్‌ఫెన్. నిజానికి తెలియదు.

భర్త పెంగ్ ఆమెను చూసి నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. సోమవారం ఆయన గుండెకు స్టెంట్ వేయాలి. ఆసుపత్రి పేరెత్తితే చాలు, పైప్రాణాలు పైనే పోతున్నాయి. "ఆ బల్ల మీద పడుకునే ముందు ఒక్కసారి రాతివనం చూస్తానే" అన్నాడని రుయ్‌ఫెన్ కున్మింగ్ టూరుకు తీసుకొచ్చింది.

పొద్దున్నంతా ఆ రాళ్ల మధ్య పెంగ్‌ను నడిపించింది గైడ్ కుర్రాడు షియావో కౌ. పట్టుమని పాతికేళ్లుండవు.

"పిన్నీ, నన్ను మీ కొడుకే అనుకోండి" అన్నాడు.

పిల్లల్లేని రుయ్‌ఫెన్ ఆ మాటకు కరిగిపోయింది.

భోజనాలయ్యాక బస్సు మందుల దుకాణం దారి పట్టింది.

"బాబాయ్‌కి ఆపరేషన్ ఎందుకు పిన్నీ?" షియావో కౌ వాళ్ల సీటు దగ్గరకొచ్చి వంగాడు. "ఇక్కడి సాన్‌చీ వేరు పొడి మూణ్ణెల్లు తాగితే గుండె గుర్రంలా పరిగెడుద్ది. కత్తితో పనే లేదు."

పెంగ్ కళ్లు వెలిగాయి.

పక్క సీటావిడ లేచి నిలబడింది.

"కొనొద్దన్నయ్యా. ఆ దుకాణంలో అమ్మేది ఉత్త పిండి. ఆపరేషన్ మానుకోవద్దు, నీకు దణ్ణం పెడతాను."

బస్సంతా గొల్లున నవ్వింది.

"ఏ దుకాణం వాళ్లు పంపారమ్మా నిన్ను?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"టికెట్ కొనుక్కుని మరీ చెప్తోందంటే ఎదురు షాపు మనిషే!" అంది ఇంకొకావిడ.

షియావో కౌ మొహం ఎర్రబడింది.

"ఎవరో పిచ్చిది. ప్రతి వారం ఎక్కి ఇదే గోల. మీరే చెప్పండి, ఉంచమంటారా, దింపెయ్యమంటారా?"

అందరికన్నా ముందు అరిచింది రుయ్‌ఫెనే.

"దింపెయ్ బాబూ! బంగారంలాంటి కుర్రాణ్ణి పట్టుకుని ఎన్నేసి మాటలంటోంది! ఏమ్మా, ఇలాంటి కొడుకుని కనుంటే తెలిసేది నీకు!"

ఆవిడ తల వంచుకుని తలుపు దాకా నడిచింది.

బయట వాన. దిగబోతూ గైడ్ వైపు తిరిగింది.

"పొద్దుట్నుంచీ నువ్వేం తినలేదు" అంది.

"తలుపెయ్" అన్నాడు షియావో కౌ డ్రైవర్‌తో.

పెంగ్ చేతులనిండా డబ్బాలు కొన్నాడు. సోమవారం ఆసుపత్రికి వెళ్లలేదు. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో పొడి కలుపుకుని తాగి "ఎంత హాయిగా ఉందే!" అనేవాడు. రుయ్‌ఫెన్ మురిసిపోయేది.

చలికాలం మొదట్లోనే వంటింట్లో కుప్పకూలాడు.

"స్టెంట్ వేయించుకుని ఉంటే బతికేవాడమ్మా" అన్నాడు డాక్టర్.

దినాలు కాగానే రుయ్‌ఫెన్ మళ్లీ కున్మింగ్ వచ్చింది. గైడ్ కోసం కాదు. వాడికి తందాన పాడింది తనే, ఇక వాణ్ణేం తిడుతుంది? ఆ పక్క సీటావిడ కాళ్ల మీద పడి ఏడవాలి. అంతే.

బస్సుల దగ్గర ఆనాటి డ్రైవర్ కనిపించాడు.

"ఆవిడా? ఇప్పుడు ఏ బస్సూ ఎక్కనివ్వట్లేదమ్మా. ఆవిడ ఫొటో డ్రైవర్లందరికీ పంపారు."

"ఎవరు పంపారు?"

"షియావో కౌ."

"అసలు ఆవిడకి వాడి మీద అంత పగేమిటి నాయనా?"

డ్రైవర్ ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

"పగేంటమ్మా, వాణ్ణి కన్నది ఆవిడే."